ఎదిగే పిల్లల సైకిలుకి సీటు, హ్యాండిల్ సరిచేయడం ఎలా?

చెప్పులు బిగుతైతే వెంటనే కొత్తవి కొంటాం. సైకిలు సీటు మాత్రం కొన్ననాటి ఎత్తులోనే ఉండిపోతుంది. మోకాళ్లు ముడుచుకుని తొక్కే పిల్లలకి తొందరగా అలసటొస్తుంది, మోకాలి ముందుభాగం నొప్పెడుతుంది. జూన్‌లో బడులు తెరిచేముందు ఒకసారి, దసరా తర్వాత సిరిమాను పండగప్పుడు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి చూసుకోవాలి.

13, 14 నంబరు పానాలు, 6 ఎంఎం ఎలెన్ కీ, సుత్తి, చెక్కముక్క, గ్రీజు ఉంటే చాలు.

ముందు సీటు. రోజూ వేసుకునే చెప్పులతోనే పిల్లని ఎక్కించి, గోడ పట్టుకోమనండి. పెడల్‌ని అట్టడుగుకి దింపి దానిమీద మడమ పెట్టించండి. నడుము పక్కకి ఒరగకుండా కాలు నిటారుగా సాగాలి. అప్పుడు ముంగాలితో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది, అదే సరైన ఎత్తు. రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలనే కొలత ఇంకా నేర్చుకుంటున్న గుంటలకే. తొక్కడం వచ్చాక అది తప్పు. సీటు ముక్కు పైకీ కిందకీ కాకుండా సమంగా ఉండాలి. సీటు రాడ్డు మీద, ఇంతకంటే పైకి లాగొద్దని వేసిన గీత బయటికి కనబడకూడదు. గీత లేకపోతే కనీసం 2.5 అంగుళాల రాడ్డు ఫ్రేములో ఉండాలి. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి రాడ్డు తుప్పుపట్టి ఫ్రేముకి అతుక్కుపోతుంది. నూనె పోసి రాత్రంతా వదిలేయండి. ఊడాక గ్రీజు రాసే దించాలి. కొబ్బరినూనె పనికిరాదు.

అసలు పని చెడేది హ్యాండిల్ దగ్గరే.

హ్యాండిల్ మెడ నడినెత్తిన ఒక బోల్టు ఉంటుంది. విప్పాల్సింది దాన్నే. దాని కింద, ఫ్రేము మెడ మీద కనిపించే పెద్ద చదును నట్టుని ముట్టుకోకండి. అది బాల్‌బేరింగులది. వదులైతే ముందు ఫోర్కు కటకటలాడుతుంది. మెడకి పక్కన రెండు బోల్టులున్న కొత్తరకం సైకిళ్లకి ఈ పద్ధతి పనిచేయదు. వాటిని దుకాణానికే ఇవ్వండి.

పై బోల్టుని మూడు నాలుగు చుట్లే తిప్పండి. పూర్తిగా విప్పితే మెడని లోపల బిగించి పట్టే చీలదిమ్మ ఊడి ఫోర్కు గొట్టంలో పడిపోతుంది. బోల్టు వదులైనా హ్యాండిల్ కదలకపోవడం చూసి చాలామంది బలంగా మెలితిప్పుతారు, ఫోర్కు పాడయ్యేది అప్పుడే. దిమ్మ ఇంకా బిగుసుకునే ఉంది. బోల్టు తల మీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒకటి రెండుసార్లు తట్టండి. బోల్టు కిందికి దిగితే దిమ్మ వదిలినట్టే. చెక్క లేకుండా నేరుగా కొడితే బోల్టు తల నలిగిపోతుంది.

ఇప్పుడు ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని, హ్యాండిల్‌ని అటూ ఇటూ ఆడిస్తూ పైకి లాగండి. సీటుకి సమంగానో, ఒక అంగుళం ఎత్తుగానో పెట్టాలి. బాగా ఎత్తు పెడితే పిల్లలు వెనక్కి వాలి కూర్చుంటారు, ముందు చక్రం మీద పట్టు తగ్గుతుంది. ఇక్కడ కూడా గీత లోపలే ఉండాలి. గీత బయటికొచ్చిన మెడ గతుకులో విరిగిందంటే పిల్ల ముఖమే నేలకి తగులుతుంది. ఎంత లేపినా చాలకపోతే ఆ సైకిలు చిన్నదైపోయిందనే అర్థం, పెద్దది కొనాల్సిందే.

బిగించాక చక్రాన్ని మళ్లీ మోకాళ్లతో పట్టి హ్యాండిల్ మెలితిప్పి చూడండి. మామూలు బలానికి కదలకూడదు. అలాగని పానాకి గొట్టం తగిలించి బిగించకండి. ఫోర్కు గొట్టం లోపల ఉబ్బిపోయి, ఇక ఎప్పటికీ మెడ బయటికి రాదు.

హ్యాండిల్ లేచాక బ్రేకులు చూడటం మరిచిపోతుంటారు. రాడ్డు బ్రేకులైతే రాడ్డు పైకి లాగబడి బ్రేకు చక్రాన్ని పట్టేస్తుంది, దాన్ని సడలించాలి. తీగ బ్రేకులైతే హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పినా తీగ గుంజుకోకూడదు. గుంజుకుంటే పొడుగు తీగ వేయించాకే బండి పిల్ల చేతికి ఇవ్వండి.