పెట్ ఫిల్మ్ మీద వెండి సిరా ముద్రణ

బరంపురంలో మనవాళ్లు శుభలేఖలు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ చట్రం, స్క్వీజీ (సిరాను నెట్టే రబ్బరు పట్టీ), పెట్ అనే పాలిస్టర్ ప్లాస్టిక్ ఫిల్ము మీద విద్యుత్తు ప్రవహించే గీతలు వేసే వెండి సిరాకూ పనికివస్తాయి. వెండి కణాలు బరువైనవి కనుక డబ్బా అడుగుకు దిగుతాయి. బుడగలు రాకుండా, అడుగున పేరుకున్నది పూర్తిగా కలిసేదాకా నిదానంగా కలపాలి. ఫిల్మును శుభ్రంగా తుడిచి, గీతలు ముద్రించి, సిరా తయారీదారు చెప్పిన వేడిలో, సాధారణంగా 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఓవెన్‌లో ఉంచాలి; సిరాలోని ద్రావకం ఆవిరై పోయి, కణాలను పట్టి ఉంచే జిగురు కుదించుకొని, కణాలు ఒకదానినొకటి తాకినప్పుడే విద్యుత్తు సరిగా ప్రవహిస్తుంది. 150 డిగ్రీల దగ్గర మామూలు ఫిల్మే ముడుచుకుపోవచ్చు. పైకి ఆరినట్టు కనిపించడాన్ని నేను నమ్మను. మల్టీమీటరుతో గీత రెండు కొనల మధ్య నిరోధం కొలిచి, మరో పది నిమిషాలు వేడిచేసి మళ్లీ కొలవాలి. అంకె ఇంకా తగ్గుతుంటే పని పూర్తికానట్టే. ఇక్కడి సముద్రపు తేమలో, వోల్టేజి ఉన్న పక్కపక్క గీతల మధ్య వెండి అయాన్లు పాకి షార్ట్ సర్క్యూట్ కలిగించగలవు కనుక, పైన తేమ చొరని ఇన్సులేటింగ్ పూత వేయాలి.