చైనాకు సంచి భుజాన వేసుకునే ముందు: పాండాల ఊరు, కోతుల కొండ, ఊపిరి అందని సరస్సులు

చైనాలో ఒంటరిగా తిరగడానికి భయపడాల్సిన పని లేదు. నగరాల్లో రాత్రి పొద్దుపోయాక కూడా ఆడవాళ్లు ఒక్కరే నడిచి ఇంటికి వెళ్తుంటారు. అక్కడ మనవాళ్లు ఇబ్బంది పడేది ఎక్కువగా దొంగల వల్ల కాదు. ఇంట్లో కూర్చుని ఒక సాయంత్రంలో సరిచేసుకోగలిగిన విషయాలను పట్టించుకోకపోవడం వల్ల. కొండలెక్కితే మాత్రం జాగ్రత్తలు వేరు, వాటిని తేలిగ్గా తీసుకోకూడదు.

గ్రేట్ వాల్, టెర్రకోట సైన్యం చూసి వచ్చేసేవాళ్లకు నగరంలో పాటించే జాగ్రత్తలు సరిపోతాయి. జంతువుల్ని, కొండల్ని, లోయల్ని చూడాలని వీపున సంచి వేసుకుని బయల్దేరేవాళ్లు ఎక్కువగా చేరేది సిచువాన్, యునాన్ రాష్ట్రాలకే. అందుకే ఇక్కడ ఎక్కువ ఆ దారి గురించే రాస్తున్నాను.

ముందు తేదీలు చూసుకోండి. మన దసరా సెలవులు చాలా ఏళ్లు అక్టోబర్ మొదటి వారానికి తగులుతాయి. పిల్లలకు సెలవులు కదా అని అప్పుడు టికెట్లు తీస్తే, చైనా జాతీయ దినోత్సవ సెలవుల్లో చిక్కుకుంటారు. అక్టోబర్ 1 నుంచి వారం రోజులు దేశమంతా రోడ్ల మీదే ఉంటుంది. రైలు టికెట్లు దొరకవు, గదుల అద్దెలు రెండింతలకు పోతాయి, గ్రేట్ వాల్ మీద కాలు కదపడానికి చోటుండదు. మే 1 నుంచి అయిదు రోజులు, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వచ్చే చైనా కొత్త సంవత్సరం రోజులూ అంతే. జూలై, ఆగస్టుల్లో యునాన్, సిచువాన్ కొండల్లో వానలు, కొండచరియలు. నన్నడిగితే ఏప్రిల్, లేకపోతే అక్టోబర్ రెండో వారం దాటాక నవంబర్ మొదటి వారం వరకు.

వీసా సంగతి. వీసా లేకుండా పది రోజులు తిరిగి రావచ్చని వీడియోల్లో చూసి మోసపోకండి. ఆ 240 గంటల ట్రాన్సిట్ సదుపాయం భారత పాస్‌పోర్టుకు లేదు. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మన బంధువులకు ఉంది, అదీ వాళ్లు చైనా మీదుగా మూడో దేశానికి వెళ్తుంటేనే. మనం టూరిస్టు వీసా తీసుకునే వెళ్లాలి. గడువు దాటి ఉంటే రోజుకు 500 యువాన్ల జరిమానా, అది 10,000 వరకు పోతుంది. టిబెట్‌కు వీసా ఒక్కటే చాలదు. విడిగా పర్మిట్ కావాలి, అది ఏజెన్సీ ద్వారానే వస్తుంది, గైడ్ వెంట ఉండాల్సిందే. "అక్కడికి వెళ్లాక చూసుకుందాం" అంటే లాసా రైలు ఎక్కనివ్వరు.

పేరు విషయం మనకు ప్రత్యేకమైన తలనొప్పి. మన పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కొందరికి ఇంటిపేరు గడి ఖాళీ, కొందరికి తండ్రి పేరూ కలిసి నాలుగు మాటలవుతుంది. చైనాలో రైలుకూ, మ్యూజియానికీ, పాండా పార్కుకీ టికెట్ అంటే పాస్‌పోర్టే. పేరు, నంబరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఎక్కించాలి. బీజింగ్‌లోని ఫర్బిడెన్ సిటీ టికెట్లు ఏడు రోజుల ముందు వదులుతారు, సోమవారం మూసి ఉంటుంది. రైలు టికెట్లు సాధారణంగా పదిహేను రోజుల ముందు మొదలవుతాయి. స్టేషన్లో ఆటోమేటిక్ గేటు మన పాస్‌పోర్టును చదవకపోతే పక్కన మనిషి ఉన్న గేటుకు వెళ్లాలి. సంచి స్కానింగ్ కూడా ఉంటుంది కాబట్టి గంట ముందే చేరండి. పళ్లు కోసుకునే చాకు ఉన్నా తీసి పక్కన పెట్టేస్తారు. ఇంకో మాట, పెద్ద ఊళ్లలో స్టేషన్లు నాలుగైదు ఉంటాయి. ఊరి పేరు చివర దొంగ్ అంటే తూర్పు, షీ పడమర, నాన్ దక్షిణం, బే ఉత్తరం. సిచువాన్ రాజధాని చెంగ్డూలో, చెంగ్డూ దొంగ్‌కు వెళ్లాల్సినవాళ్లు చెంగ్డూ నాన్‌లో దిగి నిలబడితే రైలు ఆగదు.

ఇప్పుడు ఫోన్. అక్కడ మన యూపీఐ పనిచేయదు. మొక్కజొన్న కంకి అమ్మే ముసలమ్మ దగ్గర కూడా అలీపే, వీచాట్ క్యూఆర్ కోడే. ఈ రెండు యాప్‌లనూ ఇక్కడే దించుకుని, పాస్‌పోర్టు వివరాలిచ్చి, వీసా కార్డునో మాస్టర్‌కార్డునో జోడించుకోండి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు ఆన్ చేయండి. ఓటీపీ మన నంబరుకే వస్తుంది కాబట్టి రోమింగ్ లేకుండా విమానం ఎక్కొద్దు. గూగుల్, వాట్సాప్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ అక్కడి వైఫైలో తెరుచుకోవు. మన సిమ్ రోమింగ్‌లోనో, బయటి దేశం ఈసిమ్‌తోనో అయితే పనిచేస్తాయి. అయినా అనువాదం యాప్‌లో చైనీస్ భాషను ఆఫ్‌లైన్‌కు దించి పెట్టుకోండి. దారికి గూగుల్ మ్యాప్ నమ్మొద్దు, అందులో చైనా వీధులు పక్కకు జరిగి కనిపిస్తాయి. చైనావాళ్ల మ్యాప్ యాప్ ఏమ్యాప్ వాడండి.

నాకు జరిగింది చెబుతాను. సిచువాన్‌లోని ఎమెయ్ కొండ మీద చలికి నా ఫోన్ ముప్పై శాతం చూపిస్తూనే ఆరిపోయింది. గది అడ్రసు అందులోనే, డబ్బులు అందులోనే, మాట్లాడే నోరూ అదే. పొద్దున రిసెప్షన్‌లో అమ్మాయి చేతిలో పెట్టిన చిన్న కార్డు చొక్కా జేబులో ఉండబట్టి, కిందికి దిగాక టాక్సీ అతనికి అది చూపించి, నోట్లు ఇచ్చి చేరాను. అప్పటి నుంచి ప్రతి ఊళ్లో హోటల్ కార్డు, వెయ్యి యువాన్ల నగదు ఫోన్ లేని జేబులో పెట్టుకుంటున్నాను. మీరూ పెట్టుకోండి. చలి చోట్ల ఫోన్‌ను లోపలి జేబులో, ఒంటికి తగిలేలా ఉంచుకోండి.

పవర్‌బ్యాంక్ తీసుకెళ్తున్నారా? 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో 3సీ ముద్ర (చైనా భద్రతా ధ్రువీకరణ గుర్తు) లేని పవర్‌బ్యాంకులు నిషేధం. మన దగ్గర కొన్నవాటి మీద చాలావరకు ఆ ముద్ర ఉండదు. షాంఘైలో దిగి చెంగ్డూకు విమానం మారేవాళ్లు సెక్యూరిటీ దగ్గర దాన్ని వదిలేయాల్సి వస్తుంది. వెనక తిప్పి చూసుకోండి, ముద్ర లేకపోతే ఇంట్లో పెట్టి వెళ్లండి.

చెంగ్డూ పాండా పరిశోధన కేంద్రం 1987లో మొదలైంది. పాండాలకు వేడి పడదు. 26 డిగ్రీలు దాటితే లోపల ఏసీ గదుల్లోకి పంపేస్తారు. మధ్యాహ్నం వెళ్తే అద్దం వెనక నిద్రపోతున్న వీపు మాత్రమే కనిపిస్తుంది. పొద్దున గేటు తీసేసరికి అక్కడ ఉండాలి, అప్పుడే అవి కూర్చుని వెదురును పళ్లతో చీల్చుకుని తింటుంటాయి. హువా హువా అనే పాండాను చూడటానికి విడిగా పెద్ద క్యూ ఉంటుంది. ఆ క్యూలో నిలబడితే మిగతావాటిని చూసే చల్లని గంట పోతుంది, నేనైతే వద్దంటాను. "పాండాను ఎత్తుకుని ఫోటో దిగొచ్చు" అని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసం, ఆ పద్ధతి ఎప్పుడో ఆపేశారు. ఆవరణలోకి తినేవి విసిరినవాళ్లను జీవితాంతం రానివ్వకుండా నిషేధించిన సందర్భాలున్నాయి. పిల్లలతో వెళ్లేవాళ్లు ఈ మాట వాళ్లకు ముందే గట్టిగా చెప్పండి.

ఎమెయ్ కొండ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. శిఖరం మూడు వేల మీటర్ల పైన. అలిపిరి మెట్లు ఎక్కాం కదా, ఇదెంత అనుకోకండి. అడుగు నుంచి నడిస్తే రెండు రోజులు, దారంతా తడిసిన రాతి మెట్లు, పైన వేసవిలో కూడా స్వెట్టర్ కావాలి. మోకాళ్లు బలహీనంగా ఉన్నవాళ్లు బస్సు, కేబుల్ కార్‌లో పైకెళ్లి కొంత దూరమే దిగి రావడం మేలు.

ఆ దారిలో ఉండేవి టిబెటన్ మకాక్‌లు. శ్రీశైలంలో, తిరుమల నడకదారిలో చూసే కోతుల్లాంటివి కావు. తోక పొట్టి, ఒళ్లు బొద్దు, మగది పదిహేను కిలోలు దాటొచ్చు, కోరలు పెద్దవి. యాత్రికులు పెట్టే తిండికి అలవాటుపడి మనిషిని చూసి బెదరవు. నా ముందు నడుస్తున్న ఒక పెద్దాయన సంచి పక్కజేబులోంచి ఒకటి నీళ్ల సీసా లాగేసింది. మెట్టు మీద తాపీగా కూర్చుని, మూత పళ్లతో తిప్పి తీసి తాగింది. ఆయన దాని కోసం చెయ్యి చాచాడు. అంతవరకు మాకు పట్టనట్టు పొదల్లో కూర్చున్న ఇంకో నాలుగు ఒక్కసారిగా లేచి మెట్ల మీదికొచ్చాయి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు కాబట్టి సరిపోయింది.

అందుకే ప్లాస్టిక్ కవరు చేతిలో పట్టుకోవద్దు, ఆ చప్పుడుకే వస్తాయి. సీసా, బిస్కెట్లు, కళ్లజోడు, టోపీ అన్నీ సంచి లోపలికి, జిప్పు పూర్తిగా వేయాలి. దగ్గరికొస్తే రెండు చేతులూ తెరిచి ఖాళీగా ఉన్నాయని చూపించి, కళ్లలోకి చూడకుండా నడుస్తూ పోండి. పరిగెత్తొద్దు, పళ్లు కనిపించేలా నవ్వొద్దు, పిల్ల కోతి వైపు అసలు వెళ్లొద్దు. ఏదైనా లాక్కుంటే వదిలేయండి. కరిచినా గీరినా సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. "చిన్న గీతే కదా" అని ఊరుకోవద్దు, రేబిస్ ముదిరాక మందు లేదు. జంతువులున్న చోట్లే ఎక్కువ రోజులు తిరిగేవాళ్లు బయల్దేరడానికి నెల ముందే ముందస్తు రేబిస్ టీకా గురించి డాక్టరును అడగండి.

తర్వాతి ప్రమాదం ఎత్తు. చెంగ్డూ అయిదు వందల మీటర్ల ఎత్తులో ఉంది. 2024 ఆగస్టు నుంచి అక్కడి నుంచి జ్యూజైగౌ, హువాంగ్‌లాంగ్ వైపు రైలు నడుస్తోంది, రెండు గంటల్లోపే చేరిపోతారు. సౌకర్యమే, కానీ ఒంటికి అలవాటు పడే సమయం లేకుండా పోయింది. జ్యూజైగౌ లోయలో పై సరస్సులు మూడు వేల మీటర్ల పైన, హువాంగ్‌లాంగ్‌లో రంగుల కొలనులు ఇంకా పైన. దిగిన రోజే హువాంగ్‌లాంగ్ ఎక్కొద్దు. మొదట జ్యూజైగౌ కింది ఊళ్లో ఒక రాత్రి పడుకుని, లోయ చూసి, ఆ తర్వాత అటు వెళ్లండి. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. అవి కనిపిస్తే ఆ రోజు ఇంక పైకి వద్దు. తగ్గకపోతే కిందికి దిగాలి. నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా రాత్రయినా సరే దిగాల్సిందే. దారిలో అమ్మే ఆక్సిజన్ డబ్బా కాసేపు హాయినిస్తుంది, అది వైద్యం కాదు. యునాన్‌లోని లిజియాంగ్ దగ్గర జేడ్ డ్రాగన్ మంచు కొండకు కేబుల్ కార్ ఒకేసారి 4,506 మీటర్లకు తీసుకెళ్తుంది. బీపీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడక్కుండా అది ఎక్కకూడదు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో చదవండి.

టైగర్ లీపింగ్ గార్జ్ అనే లోయలో పై దారి నడక చాలా అందమైనది, కింద జిన్షా నది హోరు పైదాకా వినిపిస్తుంది. ముందు రోజు గట్టి వాన పడితే వెళ్లొద్దు. బస చేసిన చోట యజమాని "ఈరోజు వద్దు" అంటే ఆ మాట వినండి, రాళ్లు ఎక్కడ జారతాయో ఆయనకు తెలుసు. యునాన్ దక్షిణాన షిషువాంగ్‌బన్నాలో అడవి ఏనుగుల్ని చూడాలంటే ఎత్తుగా కట్టిన నడకదారి మీదే ఉండండి, పొద్దుగూకాక అడవి అంచు రోడ్ల మీద నడవకండి. 2021లో యునాన్ రాజధాని కున్‌మింగ్ వరకు నడిచొచ్చిన ఏనుగుల గుంపు ఆ ప్రాంతానిదే.

శాకాహారులు "వో చీ సూ" అన్న మాట చైనీస్‌లో రాయించుకుని చూపించండి. కూరగాయల వంటలోనూ పంది కొవ్వు, మాంసం నీళ్లు పడతాయి. ఎమెయ్ గుళ్లలో శాకాహార భోజనం దొరుకుతుంది. కుళాయి నీళ్లు తాగొద్దు. స్టేషన్లలో, రైళ్లలో వేడినీళ్లు ఉచితం, ఫ్లాస్కు ఒకటి చాలు. టాయిలెట్ కాగితం వెంట ఉంచుకోండి. బీజింగ్, షాంఘైలలో ఇంగ్లిష్‌లో పలకరించి టీ తాగుదాం రమ్మనే యువతీయువకులతో వెళ్లొద్దు, బిల్లు వేలల్లో వస్తుంది.

హోటల్లో కాకుండా తెలిసినవాళ్ల ఇంట్లో, మెడిసిన్ చదువుతున్న మన పిల్లల గదిలో దిగితే 24 గంటల్లో దగ్గరి పోలీసు స్టేషన్లో నమోదు చేసుకోవాలి. పోలీసు 110, అంబులెన్స్ 120. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు కాగితం, తర్వాత మన రాయబార కార్యాలయం. చెంగ్డూలో మన కాన్సులేట్ లేదు, ఉన్నవి బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, హాంకాంగ్‌లలో. అందుకే పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు రెండు సెట్లు తీయించి ఒకటి సంచి అడుగున, ఇంకోటి ఇంట్లో ఇచ్చి వెళ్లండి. లోయలోకి నడిచే రోజు పొద్దున్నే ఇంటికి మెసేజ్ పెట్టండి: ఏ దారి, రాత్రి ఎక్కడ పడుకుంటారు, ఎన్నింటికల్లా ఫోన్ రాకపోతే కంగారు పడాలి. ఆ టైము మన టైములోనే రాయండి, చైనా మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది.