చెరువులో కుటుంబంతో పొద్దుటి గాలం వేట: సమస్య - పరిష్కారం

చెరువు తెలిసిన జాలరిని వెంటబెట్టుకుని, పిల్లాపాపలతో తెల్లవారగానే గాలం వేయడానికి వెళ్లేవారి కోసం ఇది రాస్తున్నాం. తెలంగాణ, ఆంధ్ర ఊరి చెరువులు, చిన్న జలాశయాలే మా దృష్టిలో ఉన్నాయి. చేపలు పడకపోతే చాలామంది మొదట చోటు మారుస్తారు. చోటు ఆఖరున మార్చాలి. ముందు లోతు, తర్వాత కొక్కెం సైజు, ఆ తర్వాత ఎర చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చి పావుగంట ఆగితే, దేనివల్ల ఫలితం వచ్చిందో తెలుస్తుంది.

గట్టు మీద సామాను దించగానే ఎవరో వచ్చి ఆపేశారు

చెరువు ఊరందరిదీ కావచ్చు గానీ, అందులో చేపలు పట్టే హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సహకార సంఘానిది. చేప పిల్లలను నీటిలో వదిలి, కాపలా ఉండి, ఏడాదికోసారి వల తిప్పి బతికేది వాళ్లే. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వమే ఉచితంగా చేప పిల్లలు ఇవ్వడం మొదలుపెట్టినా, వాటిని పెంచుకునే హక్కు సంఘానిదే. కాబట్టి ముందురోజే సంఘం పెద్దతో మాట్లాడండి. ఎన్ని గాలాలు వేస్తారు, పడిన చేపను ఇంటికి తీసుకెళ్తారా లేక వదిలేస్తారా, తీసుకెళ్తే కిలోకు ఎంత ఇవ్వాలి అన్నవన్నీ అప్పుడే తేల్చుకోండి. వెంట వచ్చే జాలరి ఆ సంఘం సభ్యుడే అయితే సగం పని అయిపోయినట్టే.

వానలు మొదలయ్యాక చేపలు గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో చాలా జలాశయాల్లో వేట ఆపేస్తారు, అది పాటించాల్సిందే. కొల్లేరు, పాకాల, మంజీర వంటివి అభయారణ్యాలు. అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ గాలం వేయాలన్న ఆలోచనే పెట్టుకోవద్దు.

జాలరితో ఇంకో మాట కూడా ముందే అనుకోవాలి. వలకు అలవాటుపడిన చెయ్యి గాలం కర్ర అందుకుంటే తానే పట్టి చూపిస్తుంది, పిల్లలు పక్కన నిలబడి చూస్తూ ఉండిపోతారు. "అన్నా, చోటు చూపించు, లోతు చెప్పు, చేప పడ్డాక తోడు పట్టు. కర్ర మాత్రం పిల్లల చేతిలోనే ఉండనీ" అని మర్యాదగా చెప్పండి.

చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి, ఎర మాత్రం ముట్టడం లేదు

కొత్తవాళ్లను ఎక్కువగా మోసం చేసేది ఇదే. నీటి నిండా చేపలు కనబడతాయి, ఒక్కటీ తినదు. అవి మేతకు రాలేదు, ఊపిరి అందక పైకి వచ్చాయి. పగలు నాచు, నీటిమొక్కలు ఎండకు ప్రాణవాయువును వదులుతాయి. రాత్రి అవే దాన్ని పీల్చుకుంటాయి. అందుకే నీళ్లలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉండేది సరిగ్గా సూర్యోదయానికి ముందు. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నా, ముందురోజంతా మబ్బు పట్టి ఉన్నా, వేసవిలో నీళ్లు బాగా తగ్గినా ఇబ్బంది మరింత ముదురుతుంది.

ఎర మార్చి లాభం లేదు. మూడు దారులున్నాయి. మొదటిది, ఎండ నీళ్ల మీద పడి గంటన్నర, రెండు గంటలు అయ్యేదాకా ఆగడం. రెండోది, వాగు వచ్చి కలిసే చోటికో, గాలి అలలను తోసే ఒడ్డుకో వెళ్లడం. అక్కడ నీళ్లలో గాలి కలుస్తూ ఉంటుంది. మూడోది, ఆ గంటసేపు కొర్రమీను మీద పడడం. కొర్రమీను నేరుగా బయటి గాలి పీల్చుకోగలదు కాబట్టి, రోహు, బొచ్చె నీరసపడిన పొద్దున కూడా అది వేటాడుతూనే ఉంటుంది. తామరాకుల అంచునో, గుర్రపుడెక్క మధ్య ఖాళీలోనో రబ్బరు కప్పను వేసి, ఆగి ఆగి లాగండి. బతికిన కప్పను గుచ్చవద్దు. ఒక్క హెచ్చరిక: నీటి మీద ఎర్రటి చిన్న చేప పిల్లలు గుంపుగా తిరుగుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నట్టు. అక్కడ కప్ప వేస్తే తప్పకుండా పడుతుంది, కానీ పిల్లలన్నీ మిగతా చేపల పాలవుతాయి. ఆ గుంపును వదిలేయండి.

చేపలు పక్కకు వాలి, గుంపులుగా ఒడ్డుకు చేరుతుంటే వేట ఆపి సంఘం వాళ్లకు వెంటనే కబురు చేయండి. చేపలు చచ్చిపోయే ముందు ఇలాగే ఉంటుంది.

అరగంటైనా బెండు కదలలేదు

దారానికి కట్టి నీటి మీద తేల్చే ముక్కే బెండు. అది కదలకపోతే చాలాసార్లు లోతు తప్పే ఉంటుంది. ఎర ఎక్కడో మధ్యలో వేలాడుతుంటే అడుగున మేసే చేపకు అది కనబడదు. ఏ చేప ఎక్కడ మేస్తుందో తెలుసుకుంటే లెక్క తేలిక:

- బొచ్చె: పై నీటిలో. ఎండ వచ్చాక రెండు మూడడుగుల లోతు చాలు.
- రోహు (శీలావతి): మధ్య నీటిలో. చల్లని పూట కిందికి దిగుతుంది.
- మృగాల, బంగారు తీగ: అడుగున, బురదను కెలుకుతూ.
- జిలేబి (తిలాపియా), పరకలు (చిన్న చేపలు): ఒడ్డు వెంట, రెండు నుంచి నాలుగడుగుల నీటిలో.

లోతు కొలవడం రెండు నిమిషాల పని. కొక్కేనికి బరువైన సీసం గుండు కట్టి, గాలం వేసే చోటే దించండి. బెండు పూర్తిగా మునిగిపోతే నీళ్లు ఇంకా లోతున్నట్టు, బెండును పైకి జరపండి. బెండు అడ్డంగా పడుకుంటే దారం ఎక్కువైనట్టు, కిందికి జరపండి. మొన మాత్రమే పైకి కనబడితే అదే అసలు లోతు. ఇప్పుడు గుండు తీసేసి, బంగారు తీగ కోసమైతే ఎర అడుగుకు రెండు మూడంగుళాల పైన ఉండేలా బెండును కొద్దిగా కిందికి దించండి. రోహు కోసమైతే ఎర నేలకు అడుగు, అడుగున్నర ఎత్తులో ఉండేలా బెండును ఇంకా కిందికి దించాలి.

లోతు సరిచేశాక కూడా కదలిక లేకపోతే నెల చూడండి. డిసెంబరు, జనవరిల్లో నీళ్లు చల్లబడి చేపలు మందగిస్తాయి. ఆ నెలల్లో ఆరింటికే పిల్లలను చలిలో కూర్చోబెట్టడం శిక్ష తప్ప వేట కాదు. ఎనిమిదిన్నరకు బయల్దేరి పదకొండు దాకా వేయండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం తొమ్మిదికల్లా ముగించాలి.

మేత జల్లకపోవడం కూడా ఒక కారణం. కిలో తౌడు, అర కిలో వేరుశనగ చెక్క రాత్రే తడిపి ఉంచి, పొద్దున బత్తాయి కాయంత ముద్దలు చేయండి. మొదట మూడు నాలుగు ముద్దలు ఒకే చోట వేసి, తర్వాత అరగంటకు ఒకటి చాలు. చేపల చెరువుల్లో మేతగా వాడేది తౌడు, చెక్కలే కాబట్టి పెంపకం చేపలకు ఆ వాసన తెలుసు. బకెట్ మొత్తం ఒకేసారి కుమ్మరిస్తే కడుపు నిండి మీ ఎర వైపు చూడవు.

బెండు వణుకుతోంది, మునగదు, పైకి తీస్తే ఎర ఉండదు

పరకలు, జిలేబి పిల్లలు ఎర అంచులు కొరుకుతున్నాయి. మీ కొక్కెం వాటి నోటికి పెద్దది. ఇక్కడ నంబర్ల లెక్క తిరగబడి ఉంటుంది, నంబరు పెరిగితే కొక్కెం చిన్నది. పరకలకు 12, జిలేబికి 8 లేదా 10, రోహు, బంగారు తీగకు 4 నుంచి 6. కొర్రమీనుకు 1/0, 2/0 అని రాసి ఉండే పెద్దవి.

దీన్ని మేం సమస్య అనుకోం. పిల్లలతో వచ్చినవారికి ఇంతకంటే మంచి పొద్దు ఉండదు. ఒక కర్రకు 12 నంబరు కొక్కెం, 0.18 మిల్లీమీటర్ల దారం కట్టి, పెసరగింజంత వానపాము ముక్క గుచ్చి పిల్లల చేతికి ఇవ్వండి. నిమిషానికో పరక వస్తుంది. పెద్ద చేపే కావాలంటే గట్టి పిండి ముద్దకు, పెద్ద కొక్కేనికి మారి, ఇంకాస్త లోతుకు వెళ్లండి.

ఎర పోవడానికి ఇంకో కారణం బెండు మొద్దుగా ఉండటం. సగానికి పైగా నీటి మీద నిలబడితే సీసం గుళ్లు తక్కువైనట్టు. మొన మాత్రమే కనబడేదాకా ఒక్కొక్కటే కలపండి. చేపకు బరువు తగలదు, మీకు చిన్న లాగుడు కూడా తెలుస్తుంది.

మునగడమే కాదు, బెండు ఉన్నట్టుండి పైకి లేచి పక్కకు పడుకున్నా చేప పట్టినట్టే. అడుగున ఉన్న చేప ఎరను నోట్లో పెట్టుకుని తల ఎత్తితే సీసం బరువు లేచిపోతుంది. అప్పుడు మణికట్టుతో కర్రను చిన్నగా ఒక్కసారి పైకి లేపితే చాలు. భుజం మీదుగా కర్ర గుంజితే చిన్న చేప మూతి చినుగుతుంది, వెనకున్న వాళ్లకు కొక్కెం తగులుతుంది.

పిండి ముద్ద నీళ్లలో పడగానే ఊడిపోతోంది

నీళ్లు ఎక్కువైనా, పిసకడం తక్కువైనా ఇలాగే అవుతుంది. రెండు గుప్పెళ్ల గోధుమపిండి, ఒక గుప్పెడు మైదా, ఒక గుప్పెడు చెక్క పొడి తీసుకోండి. నీళ్లు చెంచాతో పోస్తూ పది నిమిషాలు పిసికి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచండి. మైదాలోని జిగురు అప్పుడే పట్టుకుంటుంది. ఇంకా ఊడితే కొంచెం దూది పోగులుగా విడదీసి కలపండి. గ్లాసు నీళ్లలో కొక్కేనికి గుచ్చి చూస్తే పది నిమిషాలు నిలవాలి. దోమల మందు, సన్‌స్క్రీన్ రాసుకున్న చేతులతో ఎర ముట్టవద్దు.

చేప పడింది, దారం తెగింది

తెగిన కొస చూడండి, అదే కారణం చెబుతుంది. మెలికలు తిరిగి ఉంటే ముడి జారింది. ముడిని తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ దెబ్బతింటుంది కాబట్టి, ఉమ్మితో తడిపి, ఐదారు చుట్లు తిప్పి మెల్లగా బిగించండి. కొస గరుకుగా ఉంటే రాయికో, మొద్దుకో ఒరుసుకుంది. కొక్కెం నుంచి ఒక మూర దారం కోసేసి కొత్త ముడి వేయండి. శుభ్రంగా తెగి ఉంటే డ్రాగ్ (చేప లాగితే రీలు దారం వదిలే బిగువు) మరీ బిగించి ఉన్నట్టు. దారం మోయగల బరువులో నాలుగో వంతుకే స్పూలు (రీలులో దారం చుట్టే చక్రం) తిరిగి దారం వదలాలి, ఐదు కిలోల దారమైతే కిలోంపావు. సంచులు తూచే స్ప్రింగు త్రాసు కొక్కేనికి దారం కట్టి లాగి సరిచూసుకోవచ్చు. రోహు మొదటి పరుగు బలంగా ఉంటుంది, ఆపకండి. కర్ర ఎత్తి పట్టి పోనివ్వండి, అలిశాక చేతివల కింద నుంచి పెట్టండి.

రీలు నుంచి దారం గుత్తులుగా ఊడుతుంటే స్పూలు నిండా చుట్టేశారు. అంచుకు రెండు మిల్లీమీటర్లు తక్కువగా ఉండాలి. రీలు చిక్కులు విడదీయడంతోనే పొద్దు గడిచేట్టుంటే, పదేళ్లలోపు పిల్లలకు రీలు లేని వెదురు కర్రే మేలు.

కొక్కెం అడుగున పట్టుకుంటే అది చాలావరకు మునిగిన తుమ్మ మొద్దే. కర్ర వంచి లాగితే కర్ర విరుగుతుంది. దారం వదులు చేసి, పక్కకు నడిచి వేరే వైపు నుంచి లాగి చూడండి. రాకపోతే చేతికి గుడ్డ చుట్టుకుని దారాన్ని నేరుగా లాగి తెంపండి. తెగిన దారం నీళ్లలో వదలవద్దు, పక్షుల కాళ్లకు చుట్టుకుంటుంది.

పుట్టి గిరగిరా తిరుగుతోంది

గుండ్రటి బుట్ట పడవ అయిన పుట్టికి ముందూ వెనకా ఉండవు, గాలి ఎటు తోస్తే అటు తిరుగుతుంది. ఎదురెదురుగా బరువు సమంగా కూర్చోండి, లంగరు తాడు నీటి లోతుకు కనీసం మూడింతలు వదలండి. చేప పడినా ఎవరూ లేచి నిలబడకూడదు, అందరూ ఒకే వైపు వంగకూడదు. లైఫ్ జాకెట్ ప్రతి ఒక్కరికీ, ఈత వచ్చినవారికి కూడా, కొలతకు సరిపోయేది ఉండాలి. పిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య పట్టీ లేకపోతే నీళ్లలో పడగానే తల మీదుగా జారిపోవచ్చు. జాలర్లు వాడే థర్మాకోల్ తెప్ప మీదకు పిల్లలను ఎక్కించవద్దు. గాలి లేచి అలల మీద తెల్లటి నురగ కనబడితే ఒడ్డుకు రావడమే.

జెల్ల ముల్లు గుచ్చుకుంది, కొక్కెం వేలిలో దిగింది

జెల్లకు వీపు మీద ఒకటి, మొప్పల వెనక రెండువైపులా ఒక్కోటి రంపపు ముళ్లుంటాయి. ఇంగిలాయి అనే మీసాల చేప ముల్లు ఇంకా ఘోరం. పిల్లలను ముట్టనివ్వకుండా, జాలరి చేతే తీయించండి. గుచ్చుకుంటే కడిగి, ఆ చేతిని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచితే నొప్పి తగ్గుతుంది. వేడి ఎంతుందో దెబ్బ తగలని చేత్తో ముందు చూడండి. అందుకే ఫ్లాస్కులో వేడి నీళ్లు తప్పనిసరి. ముల్లు ముక్క లోపల విరిగినా, వాపు పాకినా, ఊపిరి ఆడకపోయినా ఆసుపత్రికి.

పిల్లల కర్రలకు కట్టే కొక్కేల మొన దగ్గరి వెనక్కి తిరిగిన ముల్లును ఇంటి దగ్గరే పటకారుతో నొక్కేయండి. దారం వదులు చేయకపోతే చేప జారదు, చర్మంలో దిగినా తేలిగ్గా వస్తుంది. ముల్లు ఉన్న కొక్కెం లోతుగా దిగితే లాగవద్దు. దారం కోసి, కదలకుండా గుడ్డ చుట్టి వైద్యుడి దగ్గరికి వెళ్లండి, టీటీ గురించి అడగండి. కంటి దగ్గరైతే ముట్టనే వద్దు.

ఇంటికి చేరేసరికి చేప మెత్తబడింది

మూత కట్టిన సంచిలో, ఎండలో గంటసేపు ఉన్నా చాలు, చేప పాడవడం మొదలవుతుంది. ఉంచుకునే చేపను వెంటనే తల మీద కొట్టి చంపి, మొప్పలు కోసి రక్తం పోనివ్వండి. తర్వాత పొరకో పొర పగలగొట్టిన మంచు వేయండి. ఎండాకాలంలో కిలో చేపకు కిలో మంచు, చలికాలంలో అర కిలో. పెట్టె అడుగున కరిగిన నీళ్లు పోయేందుకు దారి ఉండాలి. వదిలేసే చేపనైతే తడి చేతులతో పట్టుకుని, నీళ్లలోనే కొక్కెం తీసి, తానే ఈదిపోయేదాకా పట్టి ఉంచండి. ఒక్క దెయ్యం చేపను మాత్రం, ఒళ్లంతా గరుకు పలకలుండే ఆ నల్ల చేపను, తిరిగి నీళ్లలో వేయకండి. అది వలలు చింపుతుంది, మన చెరువులది కాదు. చంపి గట్టుకు దూరంగా పాతిపెట్టండి.