బడికి వెళ్లకుండా ఇంట్లోనే చదువుకునే పిల్లలకు ఆవిష్కరణల మ్యూజియం చూపించడం ఎలా?

తిప్పి, లాగి, నొక్కి చూడగలిగే ఆవిష్కరణల ప్రదర్శనలో చాలా కుటుంబాలు చేసేది ఒకటే: కనిపించిన ప్రతి మీటా నొక్కించడం, ప్రతి బోర్డూ చదివించడం, ఫొటోలు తీసుకోవడం. సాయంత్రం "ఏం చూశావు?" అని అడిగితే పిల్లలు క్యాంటీన్ గురించి చెబుతారు. నాలుగు యంత్రాలు చాలు. ఐదోది వద్దు.

బయల్దేరే ముందు

బడి ఉండే రోజు, తలుపులు తెరిచే వేళకే వెళ్లండి. బడి పిల్లల బృందాలు ఏ వేళకు వస్తున్నాయో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. తలా ఒక గీతల్లేని నోటుపుస్తకం, పెన్సిలు, కొలత టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే సరిపోతుంది.

ప్రింటు తీసిన వర్క్‌షీట్లు మాత్రం ఇంట్లోనే వదిలెయ్యండి. "ఎవరు కనిపెట్టారు? ఏ సంవత్సరంలో?" అని ఉంటే పిల్లలు బోర్డులో జవాబు వెతుక్కుని యంత్రం వైపు చూడకుండానే కదిలిపోతారు. పైగా ఆ జవాబు చాలాసార్లు సగం నిజమే. ఆవిరి యంత్రం దగ్గర జేమ్స్ వాట్ అని రాసేస్తారు. వాట్ పుట్టకముందే, 1712లోనే, థామస్ న్యూకోమెన్ చేసిన ఆవిరి యంత్రం గనిలోంచి నీళ్లు తోడింది. అందులో ప్రతి విడతా సిలిండర్‌ను చల్లార్చి మళ్లీ వేడెక్కించాలి, బొగ్గంతా దానికే పోయేది. ఆవిరిని వేరే గదిలో చల్లార్చే కండెన్సర్ వాట్‌ది, 1769లో పేటెంట్ తీసుకున్నదీ దానికే. అందుకే "ఎవరు?" అని కాకుండా "అంతకు ముందున్నదానితో ఏం ఇబ్బంది?" అని అడగండి.

లోపలికి వెళ్లాక

ముందు చేతులు వెనక్కి కట్టుకుని పది నిమిషాల్లో ఒక చుట్టు తిరిగి రండి. ఆ నాలుగూ పిల్లలే ఎంచుకోవాలి. ఒకటి మాత్రం ఇంట్లో మళ్లీ కట్టగలిగేదై ఉండాలి.

ముట్టుకోక ముందు ఊహ రాయించడం

అందరూ తప్పేది ఇక్కడే. యంత్రం మీద చెయ్యి పడేలోగా ఏం జరుగుతుందో పిల్లలు కాగితం మీద పెట్టాలి. చెయ్యి పడ్డాక చెప్పేదాన్ని ఊహ అనరు.

ప్రశ్న సరిగ్గా పడాలి. హ్యాండిల్ తిప్పితే బల్బు వెలిగే జనరేటర్ దగ్గర "ఏమవుతుంది?" అంటే "వెలుగుతుంది" అంటారు, అక్కడితో అయిపోతుంది. "బల్బు స్విచ్ వేశాక హ్యాండిల్ తేలికవుతుందా, బరువెక్కుతుందా, తేడా ఉండదా?" అని అడగండి. ఇప్పుడు స్విచ్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి, ఒకే వేగంతో తిప్పించండి. బరువెక్కుతుంది. తీగచుట్టలో కరెంటు పారగానే దాని అయస్కాంత ప్రభావం ఆ తిరుగుడుకే అడ్డుపడుతుంది. బల్బుకు కావలసిన శక్తి చేతిలోంచే పోతోందన్నమాట. అయస్కాంతం, తీగచుట్ట ఒకదాని దగ్గర ఒకటి కదిలితే కరెంటు పుడుతుందని శాస్త్రవేత్త ఫారడే 1831లో బయటపెట్టిన సూత్రం మీదే ఈ యంత్రం నడుస్తుంది. అక్కడున్నది చిన్న ఎల్‌ఈడీ అయితే తేడా చేతికి తెలియకపోవచ్చు. ఎక్కువ బల్బులు వెలిగించే స్విచ్ ఉందేమో చూడండి.

పెద్దపిల్ల జవాబు పైకి చెప్పేస్తే చిన్నవాడు ఇక ఆలోచించడు. ఎవరి పుస్తకంలో వాళ్లు రాసుకున్నాకే చూపించుకోవాలి. బోర్డు చివర్లో చదవాలి. అంతవరకు మీరు దానికి అడ్డంగా నిలబడండి, మొహమాటం అక్కర్లేదు. ఊహ తప్పితే దిద్దకండి, "అలా కాదమ్మా, ఎందుకంటే" అని మొదలుపెట్టకండి. "మళ్లీ చెయ్యి" అని నోరు మూసుకోండి. రెండోసారో మూడోసారో పిల్లలే కారణం వెతుకుతారు. మీరు వివరించిన మరుక్షణం వాళ్ల పని అయిపోతుంది.

ఒకసారికి ఒక్కటే మార్చనివ్వండి. లోలకం దగ్గర దారం పొడవు, బరువు రెండూ కలిపి మారిస్తే ఊపు దేనివల్ల మారిందో తేలదు.

గిలకల దగ్గర ఇంకో చిక్కు. బరువును నాలుగు తాళ్లు మోస్తుంటే నాలుగోవంతు బలం చాలు, రాపిడి వల్ల ఇంకాస్త పడుతుంది. తేలికైందని పిల్లలు సంబరపడతారు, లాగిన తాడు పొడవు పట్టించుకోరు. టేపుతో కొలిపించండి: బరువు 25 సెం.మీ. లేవాలంటే 100 సెం.మీ. తాడు లాగాలి. గిలక శక్తిని పుట్టించదని ఆ కొలత చూపిస్తుంది.

పాడైన యంత్రం ఎదురైతే దాటిపోకండి, ఏ భాగం ఆగిందో ఊహించమనండి. బాగున్నవాటికంటే అవే ఎక్కువసేపు నిలబెడతాయి.

మర్నాడు ఇంట్లో

నాలుగూ అయ్యాక, పిల్లలు ఇంకా ఉంటామంటున్నా బయటికి వచ్చెయ్యండి. మర్నాడు ఒకటి కట్టించండి. లోలకమే తేలిక. డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1656లో గడియారానికి తగిలించినది ఇదే. 25 సెం.మీ. లోలకం ఒకసారి వెళ్లి రావడానికి దాదాపు 1 సెకను, 1 మీటరుదైతే 2 సెకన్లు పడుతుంది. పొడవు నాలుగింతలైతే సమయం రెండింతలే ఎందుకైందో వెంటనే చెప్పకండి. వెళ్లి రావడాన్ని ఒక ఊపుగా లెక్కపెట్టి, పది ఊపులకు సమయం చూసి పదితో భాగించాలి, ఒక్క ఊపును స్టాప్‌వాచ్‌తో సరిగ్గా పట్టలేం. లెక్క కుదరకపోతే పొడవు ఎక్కడినుంచి కొలిచారో చూడండి: పైన వేలాడదీసిన చోటి నుంచి బరువు మధ్య దాకా కొలవాలి, దారం చివరి దాకా కాదు. అయినా కుదరకపోతే మరీ పక్కకు లాగి వదులుతున్నట్టే, నాలుగు వేళ్ల వెడల్పు మించి లాగనివ్వకండి.