హోస్ట్ ఇంట్లో దిగాక: అనంతపురం నుంచి అమెరికా వెళ్లే ఎక్స్ఛేంజ్ పిల్లలకు

ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాం మీద అమెరికా వెళ్లి, అక్కడ ఒక కుటుంబం (హోస్ట్) ఇంట్లో ఉంటూ హైస్కూల్లో చదువుకునే పిల్లల అమ్మానాన్నలు నన్ను మొదట అడిగేది, "ఆ ఇంటివాళ్లకి నెలకి ఎంత కట్టాలి?" అని. ఏమీ కట్టనక్కర్లేదు. జె-1 వీసా మీద హైస్కూల్లో చదవడానికి వచ్చే పిల్లల్ని ఇంట్లో ఉంచుకున్నందుకు ఆ కుటుంబానికి డబ్బు ఇవ్వకూడదని అక్కడి విదేశాంగ శాఖ నియమం. ప్రోగ్రాం ఫీజు కట్టేవాళ్లు కట్టినా అది ఆ ఇంటికి చేరదు. పడుకోవడానికి చోటు, తిండి వాళ్లు ఇస్తారు. బట్టలు, ఫోన్ బిల్లు, స్నేహితులతో బయట తినే ఖర్చు మనవి. బెంగళూరులో పీజీ లాంటిదనుకుని వెళితే మొదటి వారంలోనే తేడా కొడుతుంది. డబ్బు తీసుకోని ఇంట్లో తిని గిన్నె అక్కడే వదిలేసి లేచిపోతే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. ఎవరి గిన్నె వాళ్లు తీయాలి, ఎవరి బట్టలు వాళ్లు ఉతుక్కోవాలి. మా ఇంట్లో అన్నయ్య కూడా చేయని పనులు అక్కడ నేనున్న ఇంటాయన చేస్తుంటే చూసి నేర్చుకున్నాను.

నేను ఉన్నది విస్కాన్సిన్‌లో ఒక చిన్న ఊరు. మొదటి పది రోజులు దాదాపు ఆకలితోనే ఉన్నాను. తప్పు నాదే. మన దగ్గర ఎవరైనా "ఇంకొంచెం పెట్టనా" అంటే "వద్దు, చాలు" అంటాం. వాళ్లు వినరు, బలవంతంగా వడ్డిస్తారు, అప్పుడు తింటాం. అక్కడ నేను "వద్దు" అనగానే గిన్నె పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయేది! రెండోసారి అడగరు. అది ప్రేమ లేక కాదు, మన మాటను నమ్మడం వాళ్ల మర్యాద. ఆకలైతే ఆకలి అనండి. ఫ్రిజ్‌లో ఏది ఎప్పుడైనా తీసుకోవచ్చో, ఏది అడిగి తీసుకోవాలో మొదటి రోజే కనుక్కోండి. పెద్దకూర, పంది మాంసం తినకపోతే అప్లికేషన్‌లోనే రాయండి. కంచం ముందు కూర్చున్నాక ముఖం ముడుచుకుంటే వండిన మనిషికి బాధ.

మన ఊరి పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. చెనిక్కాయలు పండే జిల్లా మనది. సూట్‌కేసులో చెనిక్కాయల పొడి, పప్పు చెక్కలు పెట్టకుండా అమ్మ పంపదు. నేనూ తీసుకెళ్లాను, బల్ల మీద గొప్పగా పరిచాను. ఆ ఇంట్లో చిన్నవాడికి చెనిక్కాయలంటే అలర్జీ. కొందరికి అది ప్రాణం మీదికి వచ్చేంత పని చేస్తుంది. ఇంటావిడ ఏమీ అనకుండా అన్నీ కవర్లో కట్టి గ్యారేజీలో పెట్టి, బల్ల రెండుసార్లు తుడిచింది. ఇల్లు ఖరారయ్యాక మెయిల్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఎవరికైనా తిండిలో ఏదైనా పడదా? కానుకగా ధర్మవరం పట్టు ముక్కో, కండువానో తీసుకెళ్లండి. బరువుండదు.

పిలుపు దగ్గర నేను చాలా అవస్థ పడ్డాను. ఇంటావిడ తన పేరుతో పిలవమంది. అమ్మ ఈడు మనిషిని పేరు పెట్టి ఎలా పిలవడం? మూడు వారాలు అసలు ఏమీ పిలవలేదు. ఆమె ఎదురుగా వచ్చేదాకా ఆగి మాట మొదలుపెట్టేదాన్ని. చివరికి "మామ్" అన్నాను. ఇది తెలిసి మా అమ్మ ఫోన్లో, "ఏమ్మే, ఆమెను గూడా అమ్మా అనే పిలుస్తాండావా?" అంది. గొంతు మామూలుగానే ఉంది కానీ రెండు రోజులు ఫోన్ చేయలేదు.

ఫోన్ సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. వేసవిలో విస్కాన్సిన్ మనకంటే పదిన్నర గంటలు వెనక, నవంబరు నుంచి మార్చి దాకా పదకొండున్నర. అమ్మ తెల్లవారి అయిదింటికి పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్ చేస్తే అక్కడ సాయంత్రం ఆరున్నర, అందరం టేబుల్ దగ్గర ఉండేవాళ్లం. రోజంతా ఆ కుటుంబం ఒక్కచోట కూర్చునేది ఆ అరగంటే. నేను ఫోన్ పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకునేదాన్ని. నాకు ఏదో కష్టం వచ్చిందని వాళ్లు టెన్షన్ పడ్డారట. తర్వాత ఆదివారం పొద్దున ఎనిమిదింటికని పెట్టుకున్నాం. మనకి సాయంత్రం ఆరున్నర. అప్పటినుంచి హాల్లోనే కూర్చుని మాట్లాడేదాన్ని.

స్నానాల గది: టబ్బు బయట నేల మీద నీళ్లు పోవడానికి తూము ఉండదు. తెర టబ్బు లోపలికి వేసుకోవాలి. నేను బయటికి వదిలేశాను. కింద వంటగది సీలింగ్ మీద మరక దిగింది. భయపడి రెండు రోజులు చెప్పలేదు, అంతలో మరక పెద్దదైంది. ఏది పాడైనా అదే రోజు చెప్పేయండి. ఆ ఇంటాయనకు మరక కన్నా ఆ రెండు రోజుల మౌనమే ఎక్కువ కోపం తెప్పించింది.

అన్ని ఇళ్లూ కుదరవు. ఊళ్లో మీ బాధ్యత చూసే కోఆర్డినేటర్ నెలకోసారి మీతోనూ, ఆ కుటుంబంతోనూ మాట్లాడాలి. ఆ మనిషికి "అంతా బాగుంది" అని చెప్పి పెట్టేయకండి. ఇల్లు మార్చమని అడగడం పరువు తక్కువ పనేం కాదు. భయం వేసే సంగతి ఏదైనా జరిగితే నెలాఖరు దాకా ఆగకుండా వెంటనే ఫోన్ చేయండి, నంబర్లు మీకిచ్చే కార్డు మీదే ఉంటాయి.

వచ్చేశాక ఉత్తరాలు తగ్గిపోవడం మామూలే, నేనూ తగ్గించాను. అయినా రెండేళ్లకు ఆ దంపతులు అనంతపురం వచ్చారు. లేపాక్షి చూపించాం, 1989లో గిన్నిస్ బుక్‌కి ఎక్కిన తిమ్మమ్మ మర్రిమాను చూపించాం. కానీ ఆయనకు గుర్తున్నది మా ఇంటి భోజనమే. అమ్మ మూడో ఓళిగ వేయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి "నో" అన్నాడు. అమ్మ ఆ చేతి పక్కనుంచే వేసి, పైన నెయ్యి కూడా పోసింది. ఆయన నా వైపు చూశాడు. తినమన్నట్టు తలూపాను.