విత్తనం కాయకు గుడ్డపీలిక కట్టండి

మా కావలిలో మిద్దె మీద, పెరట్లో కూరగాయలు వేసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కాపు బాగా వస్తే నలుగురికీ పంచుతారు కూడా. విత్తనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే తీరు. మంచి కాయలన్నీ తిని, పంచి, తీగ ఎండిపోయే రోజుల్లో ఆకుల చాటున మిగిలిపోయిన గిడస కాయని విత్తనానికి ఉంచుతారు. మరుసటేడు కాయ చిన్నదైపోతే మట్టిని తిడతారు. ముందు విత్తనం కాయ ఎంచుకోండి, తర్వాతే పంపకం.

నాది కుట్టుపని. జాకెట్లకు కత్తిరించగా మిగిలిన లైనింగ్ పీలికలు తోటలోకి పోతాయి. బాగా పెరిగిన తీగకు రెండో కాయో మూడో కాయో పడగానే తొడిమకు ఎర్ర పీలిక ఒకటి వదులుగా కడతాను. ఇక ఆ కాయ జోలికి ఇంట్లో ఎవరూ పోరు. కాయ సైజు కంటే ముందు మొక్కను చూడండి. బెండలో ఆకు ఈనెలు పసుపు పచ్చబడి పల్లాకు తెగులు వచ్చిందంటే కాయ ఎంత నిగనిగలాడినా ఆ మొక్క గింజ వద్దు. సొర, బీర అయితే అదే తీగ కాయ ఇంకోటి కోసి చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేయండి. చేదు సొరకాయ తింటే వాంతులు, విరేచనాలతో ఆస్పత్రి పాలవుతారు. దాన్ని తినొద్దు, పంచొద్దు, గింజ కూడా దాచొద్దు.

కొన్న ప్యాకెట్ మీద హైబ్రిడ్ అనో, ఎఫ్‌1 అనో ఉంటే అది రెండు రకాలు కలిపి తీసిన విత్తనం, దాని గింజలు దాచి లాభం లేదు. మొలుస్తాయి కానీ తల్లి పోలిక రాదు. నాటు రకాలతోనే మొదలుపెట్టండి. టమాటా, చిక్కుడు, అలసంద పువ్వులు చాలావరకు తమలో తామే కాయ కడతాయి కాబట్టి తేలిక. వంగ, బెండ, మిరపలో తేనెటీగలు వేరే రకం పుప్పొడి కొంత కలిపేస్తాయి. నేను వంగ మొగ్గకు పల్చటి వాయిల్ గుడ్డతో చిన్న సంచి కుట్టి తొడుగుతాను, కాయ కట్టాక తీసేస్తాను.

అసలు పని బీర, సొర, దోస, గుమ్మడి దగ్గర. వీటికి మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. మీరు గుండ్రటి సొర వేసి, పక్కింటివాళ్లు పొడుగు సొర వేస్తే, ఈ ఏడు కాయ మామూలుగానే ఉంటుంది. గింజ వేసిన ఏడు మాత్రం గుండ్రం కాదు, పొడుగూ కాదు. అందుకని వేరే పుప్పొడి పడకుండా పువ్వును దారంతో కట్టాలి. బీర పువ్వు సాయంత్రం పూట విచ్చుకుంటుంది. మధ్యాహ్నమే తీగ దగ్గర నిలబడి చూస్తే, ఆ రోజు విచ్చే మొగ్గ కొసన పసుపు రంగు తొంగిచూస్తుంటుంది. కింద వేలెడంత పిందె ఉంటే ఆడది, ఉత్త కాడ ఉంటే మగది. రెండు మగ మొగ్గలకు, ఒక ఆడ మొగ్గకు కొసన దారం రెండు చుట్లు చుట్టి ముడేయండి. మరీ బిగిస్తే రేకులు తెగుతాయి. సాయంత్రం దారాలు విప్పి, మగ పువ్వు కోసి రేకులు వొలిచేసి, పుప్పొడి ఉన్న భాగాన్ని ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. వేలికి పసుపు అంటుకుంటే పుప్పొడి ఉన్నట్టే. వెంటనే ఆడ పువ్వుని మళ్లీ దారంతో మూసి, తొడిమకు పీలిక కట్టండి. పిందె పసుపు పచ్చబడి రాలిపోతే నిలవలేదని అర్థం, ఇంకో మొగ్గ చూసుకోవడమే. సొర పువ్వు కూడా సాయంత్రానిదే. దోస, గుమ్మడి తెల్లవారి విచ్చుకుంటాయి, వాటికి ముందు రోజు సాయంత్రం దారం కట్టి పొద్దున్నే పని ముగించాలి. తీగకు ఒకటో రెండో కాయలకు మించి ముదరనివ్వకండి, ముదురు కాయ ఉంటే కొత్త పిందెలు తగ్గిపోతాయి.

బీర తీగ మీదే ఎండి, ఊపితే గలగలమనాలి. సొర పెంకు గోరు దిగనంత గట్టిపడాలి. వంకాయ పసుపు పచ్చగా పండి మెత్తబడేదాకా ఆగి, నీళ్లలో పిసికితే మంచి గింజ అడుక్కి చేరుతుంది. టమాటా గుజ్జుని గిన్నెలో వేసి రెండు మూడు రోజులు పులియనివ్వండి. కంపు కొడుతుంది, మూత పెట్టి బయట ఉంచండి. గింజ మీది జిగురు వదిలాక కడగండి. దోస గింజల్ని మా పెద్దవాళ్లు పేడలో కలిపి గోడకు కొట్టేవాళ్లు. నేను బూడిద పట్టించి ఆరబెడతాను.

చిక్కుడుకు మా ఇంట్లో లెక్క రథసప్తమి. ఆ రోజు చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం చేసి, సూర్యుడికి పాయసం పెట్టడంతో కోత ఆపేస్తాను. అప్పటికే పీలికలు కట్టిన గుత్తులు తీగ మీదే ఎండుతాయి. చిక్కుడు గింజలో పురుగు గుడ్డు కాయ మీదే పడి ఉంటుంది, డబ్బాలోకి వచ్చాక పుచ్చు బయటపడుతుంది. వొలిచిన గింజలకు కిలోకి చెంచాడు ఆముదం పట్టించి దాస్తే చాలు.

ఆరబెట్టడంలో మన నెల్లూరు జిల్లాకు ఒక తిప్పలుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు, ఉప్పుగాలి. ఆ రోజుల్లో గింజ చేతికొస్తే ఫ్యాన్ కింద నూలు గుడ్డ మీద పరచండి. ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం సిమెంటు మిద్దె మీద పోయొద్దు, వేగిపోతాయి. పొద్దుటి ఎండ, తర్వాత నీడ. సొర గింజ వంచితే వంగకుండా టప్పున విరిగితే ఆరినట్టు. గాజు సీసాలో, వేయించి చల్లార్చిన బియ్యం చిన్న మూటగా కట్టి వేస్తే తేమ పీల్చుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, అయితే బయటికి తీశాక సీసా చల్లదనం పోయేదాకా మూత తెరవకండి. ఎర్రగడ్డ (ఉల్లి) విత్తనం ఏడాది దాటితే నమ్మొద్దు. బెండ రెండేళ్లు, టమాటా, వంగ నాలుగేళ్ల దాకా పనికొస్తాయి.

పంచే ముందు పది గింజలు తడి గుడ్డలో చుట్టి మొలకెత్తించి చూడండి. ఎనిమిది వస్తే ధైర్యంగా ఇవ్వండి. అయిదే వస్తే ఆ మాట చెప్పి, ఒత్తుగా వేసుకోమనండి.

కాయలైతే లేతగా ఉన్నప్పుడే, కోసిన పూటే ఇచ్చేయాలి. నా దగ్గర జాకెట్ తీసుకెళ్లే ప్రతి మనిషి చేతిలో ఆ రోజు ఉన్నది ఒకటి పెడతాను. సొరకాయ పెద్దదైతే సగం కోసి ఇస్తాను, మొహమాటం ఏమీ లేదు. గింజలు మాత్రం అడిగినవాళ్లందరికీ ఇవ్వను. "రెండు గింజలు పెట్టమ్మే" అని తీసుకెళ్లి కొంగుముడిలోనే మరిచిపోయే పెద్దమ్మలు మా వీధిలో ఉన్నారు. వాళ్లకు నారు పోసి మొక్క ఇస్తాను. వేసి పెంచే ఇళ్లు రెండు మూడైనా చూసుకుని, ప్రతి రకం వాళ్ల దగ్గరా ఉండేట్టు చూస్తాను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడా కుండపోతే. మా పందిరి కూలింది, డబ్బాల్లోకి నీళ్లు దిగాయి. మా గుండ్రటి సొర మళ్లీ మిద్దెకెక్కిందంటే బిట్రగుంటలో ఉండే మా వదిన గింజలు తిరిగి పంపబట్టే.

పొట్లం మీద రకం పేరు, కాయ ఎండిన నెల, ఎప్పుడు వేయాలో రాసివ్వండి. చిక్కుడైతే ఆషాఢంలోపే అందేలా చూడండి. ఇచ్చేటప్పుడు, అన్నీ ఒకేసారి వేసేయకుండా నాలుగు గింజలు డబ్బాలో ఉంచుకోమని చెప్పండి.