రెండు వైరస్‌లు కలిపి ఎక్కించే ముందు మూడోది లేదని తేల్చుకోండి

ఒక ల్యాబ్‌లో నెలల తరబడి చేసిన కో-ఇన్ఫెక్షన్ (ఒకే కణాలకు రెండు వైరస్‌లు ఎక్కించే) పనంతా ఈమధ్య చెత్తబుట్ట పాలైంది. వైరస్ స్టాకుల్లో లోపం లేదు, చేసినవాళ్లు చేయి తిరిగినవాళ్లే. ఆవు కిడ్నీ నుంచి వచ్చిన ఎండీబీకే కణాల్లో బీవీడీవీ, అంటే పశువుల డయేరియా వైరస్, ముందే కాపురం పెట్టేసింది. హుడ్, గ్లౌజుల సంగతి మీకు తెలిసిందే, వదిలేస్తున్నా.

కణాలు

మోనోలేయర్ (ఫ్లాస్క్ అడుగున పరుచుకున్న ఒక్క వరస కణాలు) నున్నగా ఉంది కదా అని వైరస్ లేదనుకోవద్దు. బీవీడీవీలో కణాన్ని చంపని రకం ఒకటుంది. మైక్రోస్కోపులో ఎంత వెతికినా దొరకదు. కానీ దాని ఎన్‌ప్రో ప్రోటీన్ లోపల ఐఆర్‌ఎఫ్-3 అనే ప్రోటీన్‌ని నాశనం చేయిస్తుంది, దాంతో వైరస్‌లను అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ తయారీ పడకేస్తుంది. ఆపైన మీరు వేసిన వైరస్‌కి అడ్డేముంటుంది? విజృంభిస్తుంది. ఆ ఘనత మీరు రెండో వైరస్ ఖాతాలో రాసేస్తారు.

1958లోనే జపాన్‌లో కుమగాయ్ బృందం ఇలాంటిదే చూపించింది. పంది వృషణ కణాల్లో స్వైన్ ఫీవర్ వైరస్ ఒక్కటే ఉన్నప్పుడు పైకి ఏ మార్పూ లేదు. దాని మీద కోళ్ల కొక్కెర తెగులు (న్యూకాజిల్) వైరస్ వేస్తే కణాలు చితికిపోయాయి. తర్వాత స్వైన్ ఫీవర్‌ను పట్టుకునే పరీక్షగానే దీన్ని వాడారు. వాళ్లు తెలిసి వేశారు, మీకు తెలియకుండా చేరుతుంది.

సీరం

చాలాసార్లు వైరస్ చేరే దారి ఇదే, కణాలను పెంచడానికి పోసే పశువుల సీరం. 56 డిగ్రీల దగ్గర అరగంట ఉంచడం కాంప్లిమెంట్ (సీరంలోని రోగనిరోధక ప్రోటీన్లు) పని ఆపడం కోసం. బీవీడీవీ విషయంలో దాన్ని నమ్ముకోకండి. గామా కిరణాలు పట్టించిన సీరం కొనండి. అందులో చచ్చిన వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఉన్నా పీసీఆర్ పాజిటివ్ అంటుంది కాబట్టి, శుభ్రమైన కణాలను ఆ సీరంతో కొన్ని ప్యాసేజ్‌లు (కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చే విడతలు) పెంచి ఇమ్యునోఫ్లోరెసెన్స్ (మెరిసే యాంటీబాడీలతో వైరస్‌ను పట్టే పరీక్ష) చేస్తేనే నిజం తేలుతుంది.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో.

కణాలు బాగున్నాయంటే శుభ్రంగా ఉన్నాయని కాదు. మళ్లీ చెప్తున్నా, కాదు.

పంది కిడ్నీ కణాలు పీకే-15 వాడుతున్నారా? పీసీవీ-1 అనే పంది సర్కోవైరస్ బయటపడిందే ఆ కణాల్లో, 1974లో. అదీ కణాన్ని చంపదు. పరీక్ష చేయించండి.

రెండు వైరస్‌లూ ఎంఓఐ 1 చొప్పున (కణానికి సగటున ఒక్కో వైరస్) వేసి "అన్ని కణాలకూ రెండూ అంటాయి" అనకండి. పాయిజాన్ సంభావ్యత లెక్కన ఒక్కోటి 63 శాతం కణాలకే అంటుతుంది, రెండూ కలిసేది 40 శాతంలోనే. ఫ్లాస్క్ మొత్తం గీకి తీసిన సగటు ఎవరి కథ చెబుతుంది?

వైరస్ స్టాక్‌తోపాటు ఇంటర్‌ఫెరాన్ కూడా వస్తుంది. వైరస్ తీసేసిన అదే ద్రవాన్ని కంట్రోల్‌గా పెట్టండి.

కోతి కిడ్నీ నుంచి వచ్చిన వీరో కణాలు టైప్-1 ఇంటర్‌ఫెరాన్ తయారు చేయలేవు. వాటిలో చూసి "ఈ రెండు వైరస్‌లు ఒకదాన్నొకటి అడ్డుకోవు" అని రాయొద్దు.

ఏది ముందు, ఏది తర్వాత, ఎన్ని గంటల తేడా, అన్నీ నోట్‌బుక్‌లో ఉండాలి.

ఒక్కో వైరస్ విడివిడిగా వేసిన రెండు కంట్రోళ్లు, ఏదీ వేయని ఖాళీది ఒకటి. ఒకే రోజు, ఒకే ప్యాసేజ్, ఒకే సీరం లాట్.

ఒక మీడియం (కణాలను పెంచే ద్రవం) బాటిల్‌తో రెండు కణాల లైన్లు తాకొద్దు.

పక్క ల్యాబ్ నుంచి అడిగి తెచ్చుకున్న కణాలు పరీక్ష అయ్యేదాకా వేరే ఇన్‌క్యుబేటర్‌లోనే.

పాజిటివ్ వస్తే బేరాలొద్దు. ఆ లైన్, దాంతో తాకిన మీడియం, నైట్రోజన్‌లో దాచిన వయల్స్‌తో సహా ఆటోక్లేవ్.